నీళ్లు తక్కువ, పని ఎక్కువ: సీమలో ఐదు పూటల నమాజు నిలుపుకునే విధం

యర్రగుంట్ల, బేతంచెర్ల వైపు బండల పాలిషు మిల్లుల్లో పనిచేసే ముస్లిం సోదరులను నమాజు సంగతి అడిగితే చాలామంది ఒకే మాట చెబుతారు: "ఒంటినిండా బండ పొడి, బట్టలు చూస్తే ఇట్లా ఉన్నాయి, ఇంక నమాజు ఎక్కడ చేసేది?" అనంతపురం చేలల్లో అడిగితే నీళ్లు లేవంటారు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో అడిగితే మగ్రిబు (పొద్దుగూకిన వెంటనే చేసే నమాజు) వేళే గిరాకీ వేళ అంటారు. ఆర్టీసీ బస్సు మీద పనిచేసేవారు డ్యూటీ చార్టు చూపిస్తారు. ఇవేవీ అబద్ధాలు కావు. అయితే ఇవన్నీ షరీఅత్ (ఇస్లాం ధర్మశాస్త్రం) ముందే లెక్కలోకి తీసుకున్న ఇబ్బందులే, ఒక్కోదానికి ఒక్కో వెసులుబాటు కూడా అందులోనే ఉంది. ఆ వెసులుబాట్లు తెలియక పూర్తిగా చేయలేనిదాన్ని పూర్తిగా మానేయడమే మన దగ్గర ఎక్కువగా జరుగుతున్నది. ఏ మనిషి మీదా అతని శక్తికి మించిన భారం అల్లాహ్ మోపడని ఖురాన్ (2:286) చెప్పిన మాటను మనం కష్టకాలంలో ఓదార్పుగా వల్లిస్తాం గానీ, అది నిత్యజీవితంలో వాడుకోవలసిన సూత్రమని గుర్తుంచుకోం.

ఇక్కడ రాస్తున్నది మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ పద్ధతి ప్రకారం. ధర్మశాస్త్రంలోని మరో సంప్రదాయమైన షాఫయీ పద్ధతి వేరుగా ఉన్న ముఖ్యమైన చోట్ల ఆ సంగతి చెబుతాను. చిక్కు ప్రశ్న వస్తే మీ మసీదు ఇమాముగారిని అడగడమే సరైన దారి.

మురికి వేరు, నజాసత్ వేరు

ముందుగా బండ పొడి సంగతి తేల్చుకోవాలి. నమాజుకు బట్టలు, ఒళ్లు, స్థలం పాక్‌గా ఉండాలన్నది నిజమే. కానీ పాక్ కాకపోవడమంటే మాసిపోవడం కాదు. మూత్రం, మలం, పారిన రక్తం, పశువుల పేడ వంటివి నజాసత్, అంటే అశుద్ధం. వాటిని కడుక్కోవలసిందే. దుమ్ము, చెమట, మట్టి, సిమెంటు, బండ పొడి, మెకానిక్కు చొక్కా మీది నూనె మరక నజాసత్ కావు. చెమటతో తడిసిన చొక్కాతో, మోకాళ్ల దాకా ఎర్రమన్ను అంటిన లుంగీతో చేసిన నమాజు నిక్షేపంగా చెల్లుతుంది. మంచి బట్టలు వేసుకోవడం అదబు (మర్యాద), వీలున్నప్పుడు తప్పక పాటించాలి. అది లేదని తప్పనిసరి విధి అయిన ఫర్జ్‌ను వదలడం మాత్రం పొరపాటు. పశువుల దగ్గర పనిచేసేవారు ఉతికిన లుంగీ ఒకటి సంచిలో విడిగా పెట్టుకుంటే పేడ బెంగ కూడా ఉండదు.

ఇక్కడే ఇంకొక జాగ్రత్త చెప్పాలి. మరక బట్టకు అడ్డు కాదు గానీ, వజూలో (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే శుద్ధిలో) కడగవలసిన అవయవం మీద నీరు చర్మానికి తగలకుండా ఆపే పొర ఏదైనా ఉంటే వజూ పూర్తి కాదు. గోళ్ల రంగు, ఎండిన పెయింటు, చేతికి గట్టిపడిన సిమెంటు, మందంగా అంటిన గ్రీజు ఇటువంటివి. గోరింటాకు రంగు మాత్రమే కనుక అడ్డు రాదు. మేస్త్రీలు, పెయింటర్లు పని మొదలుపెట్టే ముందు చేతులకు కొంచెం కొబ్బరినూనె రాసుకుంటే సాయంత్రం గీకే బాధ తగ్గుతుంది.

చెంబెడు నీళ్లతో వజూ

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. బోర్లు ఎండిపోయిన వేసవిలో వజూకి నీళ్లు ఎక్కడివన్న ప్రశ్న సహజమే. దానికి జవాబు మన మసీదు కొళాయిల దగ్గర దొరకదు, దైవప్రవక్త మాటలు, చేతలను నమోదు చేసిన హదీసుల్లో దొరుకుతుంది. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వజూ, ఒక సా నుంచి ఐదు ముద్‌ల దాకా నీటితో స్నానం చేసేవారని హజ్రత్ అనస్ (ర) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెంటిలోనూ ఉంది. ముద్ అంటే దోసెడు కొలత, మన లెక్కలో ముప్పావు లీటరుకు అటూ ఇటూ. సా అంటే నాలుగు ముద్‌లు. చిన్న చెంబు నీళ్లు వజూకి చాలునన్నమాట. పారే నది ఒడ్డున ఉన్నా వజూలో నీళ్లు దుబారా చేయవద్దనే హదీసు ఇబ్నె మాజా సంకలనంలో ఉంది. దాని పరంపర బలహీనమని పండితులు అన్నా, దుబారా తప్పన్న విషయంలో వారిలో భేదం లేదు. కొళాయి పూర్తిగా తిప్పి వదిలి, పక్కవారితో మాట్లాడుతూ కాళ్లు కడుక్కోవడం మన మసీదుల్లో రోజూ కనిపిస్తుంది. కరువు సీమలో పుట్టినవాళ్లం చేయవలసిన పని కాదది.

వజూలో ఫర్జ్‌లు నాలుగే, అవి ఖురాన్ (5:6)లోనే ఉన్నాయి: ముఖం కడగడం, మోచేతులతో సహా చేతులు కడగడం, తలపై తడిచేత్తో మసహ్ చేయడం (హనఫీ పద్ధతిలో కనీసం నాలుగోవంతు), చీలమండలతో సహా పాదాలు కడగడం. ముందుగా మణికట్ల దాకా చేతులు కడగడం, నోరు పుక్కిలించడం, ముక్కులోకి నీరు తీసుకోవడం, చెవులు తుడవడం, ప్రతిదీ మూడుసార్లు చేయడం దైవప్రవక్త ఆచరణ నుంచి వచ్చిన సున్నత్‌లు. నీళ్లు కరువైనప్పుడు ఒక్కొక్క అవయవాన్ని ఒక్కొక్కసారే, పొడి చోటు మిగలకుండా కడిగితే ఫర్జ్ తీరుతుంది. దైవప్రవక్త (స) ఒక్కోసారి, రెండేసిసార్లు, మూడేసిసార్లు కడిగి వజూ చేసిన ఉదంతాలు మూడూ బుఖారీలో ఉన్నాయి.

ఆచరణలో చెప్పాలంటే, కొమ్ముచెంబు పాతకాలపు వస్తువని అటక ఎక్కించకండి. దాని సన్నని ధార కింద ఒక చేత్తో పోసుకుంటూ ఇంకో చేత్తో రుద్దుకుంటే అరలీటరు పైచిలుకుతో వజూ ముగుస్తుంది. చేలోకి వెళ్లేవారికి లీటరు ప్లాస్టిక్ సీసా మూతకు మేకుతో రెండు చిల్లులు పొడిస్తే అదే కొమ్ముచెంబు. మడమల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు, ఎందుకంటే పొడిగా మిగిలిన మడమల గురించి హదీసులో గట్టి హెచ్చరిక ఉంది. చెప్పుల్లేకుండా తిరిగే మన రైతుల పాదాల్లో పగుళ్లు లోతుగా ఉంటాయి కనుక, అక్కడ వేళ్లతో రుద్ది తడపాలి. పగులులో మందు పెట్టుకుని ఉంటే, తీస్తే బాధ కలిగేటట్లయితే, దాని మీదుగా నీరు పోస్తే చాలు.

వజూ నిలుపుకోవడం కూడా నీటిని పొదుపు చేసే మార్గమే. ప్రతి నమాజుకూ కొత్త వజూ పుణ్యమే గానీ తప్పనిసరి కాదు. మక్కా విజయం నాడు దైవప్రవక్త (స) ఒకే వజూతో పలు నమాజులు చేశారని ముస్లిం సంకలనం చెబుతుంది. కాలకృత్యాలకు వెళ్లడం, అపానవాయువు, ఒంటి నుంచి రక్తం కారి పారడం, పడుకుని నిద్రపోవడం, నోరు నిండా వాంతి కావడం వంటివి జరిగితేనే వజూ పోతుంది. మధ్యాహ్నం జుహర్‌కి చేసిన వజూ సాయంత్రపు అసర్ దాకా నిలిస్తే సగం ఇబ్బంది తీరినట్టే.

మన్నుతో తయమ్ముమ్

వజూ చెప్పిన ఖురాన్ ఆయతులోనే తయమ్ముమ్, అంటే నీటికి బదులు మన్నుతో చేసే శుద్ధి కూడా ఉంది. దీని గురించి రెండు తప్పు అభిప్రాయాలు చలామణిలో ఉన్నాయి: ఇది అరబ్బు ఎడారికి మాత్రమే అని కొందరు, బద్ధకించినప్పుడల్లా చేసుకోవచ్చని కొందరు. రెండూ సరికావు.

హనఫీ పద్ధతిలో నీరు ఒక మైలు దూరంలో ఎక్కడా దొరకనప్పుడు తయమ్ముమ్ చెల్లుతుంది. ఇది పాతకాలపు మైలు, కిలోమీటరున్నరకు కొంత పైన. జబ్బు వల్ల నీరు తగిలితే రోగం ముదురుతుందని అనుభవం వల్లనో, నమ్మదగిన వైద్యుని మాట వల్లనో తెలిసినప్పుడూ చెల్లుతుంది. మన చేలకు బాగా పనికివచ్చేది మూడోది: ఉన్న నీళ్లు తాగడానికి మాత్రమే సరిపోయేటప్పుడు వాటితో వజూ చేయనక్కరలేదు. తాగడమంటే మనుషులు తాగడమే కాదు, వెంట ఉన్న ఎడ్లు, గొర్రెలు, కాపలా కుక్క తాగడం కూడా. మందతో కొండవాలు మీద ఉన్న కాపరి దగ్గర రెండు లీటర్ల సీసా ఉండి, పొద్దుగూకేదాకా అదే దిక్కయితే, తయమ్ముమ్ చేసుకోవచ్చు. నీళ్లు కొనుక్కోవలసిన చోట కూడా ఒక నియమం ఉంది. మామూలు ధరకు దొరికి, చేతిలో అవసరాలకు మించిన డబ్బుంటే కొనాలి. విపరీతమైన ధర చెబితే కొనవలసిన పని లేదు.

ఊళ్లో ఉన్నవారికి, నాలుగు రోజులకోసారి కొళాయి వచ్చే వీధివారికైనా, మొదటి కారణం దాదాపు వర్తించదు. పొరుగింట చెంబెడు నీళ్లు అడగడం నామోషీ కాదు. నమాజు వేళ ముంచుకొస్తోందన్న ఒక్క కారణంతో నీళ్లు పెట్టుకుని తయమ్ముమ్ చేయడం కూడా హనఫీ పద్ధతిలో చెల్లదు.

చేసే విధం తేలిక. శుద్ధి కోసమని మనసులో సంకల్పించి, రెండు అరచేతులను మట్టిపై తట్టి, దులిపి, ముఖమంతా తుడుచుకోవాలి. మళ్లీ తట్టి, మోచేతులతో సహా రెండు చేతులూ తుడుచుకోవాలి. ఉంగరం, గాజులు కదిపి కింద కూడా తుడవాలి. తలకు, కాళ్లకు ఏమీ లేదు. వజూకి బదులుగానైనా, స్నానానికి బదులుగానైనా విధానం ఇదే.

దేని మీద తట్టాలన్నదానికి సీమలో కొదువ లేదు. అనంతపురం ఎర్రమన్ను, ఆదోని నల్లరేగడి, పెన్న ఇసుక, సున్నం, మట్టిగోడ అన్నీ పనికివస్తాయి. ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయంలో రాయి మీద దుమ్ము కూడా ఉండనక్కరలేదు కనుక, కడిగి ఆరిన కడప బండ పరచిన అరుగు మీదైనా తయమ్ముమ్ చేయవచ్చు. షాఫయీలకు మాత్రం దుమ్ము ఉన్న మన్నే కావాలి. చెక్క, ఇనుము, బూడిద, పెయింటు వేసిన గోడ, గాజు పనికిరావు. ఆసుపత్రిలో మంచం పట్టిన పెద్దవారి కోసం ఇంట్లోవారు చిన్న నాపరాయి పలకనో, కాల్చిన మట్టిపెంకునో ఒక సంచిలో ఇస్తే మూడు రోజులైనా అదే ఉపయోగపడుతుంది. నీరు దొరికి, వాడగలిగే స్థితి రాగానే తయమ్ముమ్ రద్దవుతుంది. అప్పటిదాకా చేసిన నమాజులు తిరిగి చేయనవసరం లేదు.

వేళలను పనిలో ఇముడ్చుకోవడం

నమాజు నిర్ణీత వేళల్లో విధి అని ఖురాన్ (4:103) అంటుంది. వేళ అంటే జమాత్ (మసీదులో అందరూ కలిసి చేసే నమాజు) గడియారంలో కనిపించే ఒక్క నిమిషం కాదు. మసీదులో జుహర్ జమాత్ ఒకటిన్నరకైతే, ఆ జమాత్ తప్పినవారు జుహర్ పోయిందనుకుని ఊరుకోవడం నేను పదేపదే చూశాను. మన ప్రాంతంలో పొద్దు నడినెత్తిన వాలేది ఏడాది పొడుగునా సుమారు 12 గంటల నుంచి 12:30 లోపు. హనఫీ లెక్కన అసర్ మొదలయ్యేది, అంటే వస్తువు నీడ మధ్యాహ్నపు నీడను మినహాయించి దాని పొడవుకు రెండింతలయ్యేది, సుమారు 4:05 నుంచి 5 గంటల మధ్య. ఈ రెంటి నడుమ దాదాపు నాలుగు గంటలున్నాయి. రెండున్నరకు అన్నం తినే కూలీ కూడా హాయిగా జుహర్ చేసుకోవచ్చు. పైగా ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు జుహర్‌ను చల్లబడేదాకా ఆపమని హదీసు ఉంది. మే నెలలో కర్నూలు మిట్టమధ్యాహ్నం తెలిసినవారికి ఆ మాట విలువ చెప్పనక్కరలేదు. నేల కాలితే సజ్దా (నుదుటిని నేలకు ఆన్చడం) చోట తువ్వాలు పరచుకోండి. దైవప్రవక్త సహచరులైన సహాబాలు కూడా ఎండలో తమ బట్ట అంచును నుదుటి కింద వేసుకునేవారు.

ఇరుకైనది మగ్రిబ్. పొద్దుగూకిన తర్వాత సంధ్య వెలుగు పోయేదాకా గంటకు కొంచెం పైగా ఉంటుంది, అంగళ్లలో సరిగ్గా అప్పుడే జనం. అంగట్లో ఇద్దరు ముగ్గురు పనివాళ్లు ముస్లింలైతే ఒకరి తర్వాత ఒకరు వెళ్లేటట్లు మాట్లాడుకోండి. మూడు ఫర్జ్, రెండు సున్నత్ రకాతులు (నమాజులోని ఆవృత్తులు) నెమ్మదిగా చేసినా పది నిమిషాలు పట్టవు. నెమ్మదిగా అని ఊరికే అనలేదు. రుకూ (వంగడం), సజ్దాల్లో నిలకడ లేకుండా చకచకా ముగించిన వ్యక్తిని దైవప్రవక్త (స) "తిరిగి వెళ్లి నమాజు చేయి, నీవు నమాజు చేయలేదు" అని పంపిన ఉదంతం బుఖారీలో ఉంది. సమయం మిగుల్చుకోవాలంటే నఫిల్ (ఐచ్ఛిక నమాజు) తగ్గించాలి తప్ప సజ్దాను కాదు.

స్థలం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. భూమి అంతా మసీదుగా, శుద్ధి సాధనంగా చేయబడిందని హదీసు. చేని గట్టు, గోదాము మూల, బస్టాండులో జనం నడవని పక్క, ఏదైనా సరే. ఒకరి సొంత స్థలమైతే ఒకమాట అడగండి. ఎదుటినుంచి జనం నడిచే చోటైతే ముందు ఒక కర్ర పాతుకోండి. ఖిబ్లా, అంటే నమాజులో తిరగవలసిన కాబా దిక్కు, మనకు పడమర నుంచి సుమారు 16 డిగ్రీలు ఉత్తరానికి. పొద్దు వాలే దిక్కు చూసి కొంచెం కుడికి తిరిగితే చాలు, పది డిగ్రీల తేడాకు నమాజు చెడదు.

జీతానికి పనిచేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. కుదిరిన పనివేళలు యజమాని హక్కు. ఫర్జ్, గట్టి సున్నత్‌లు చేసుకోవడానికి పనివానికి హక్కుంది గానీ, అనుమతి లేకుండా ఆ వేళలో నఫిల్‌లు చేయరాదని హనఫీ ఫుఖహాలు (ధర్మశాస్త్రవేత్తలు) స్పష్టంగా రాశారు. అజాను వినగానే వెళ్లి ముప్పావుగంటకు తిరిగివచ్చే పనివాడు తన నమాజుకూ, తోటి ముస్లిం పనివాళ్ల నమాజుకూ చెరుపు చేస్తాడు. చేరిన రోజే "సామీ, మధ్యాహ్నం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు పోతాను, అంతసేపు ఎక్కువ పని చేసిస్తాను" అని మాట్లాడుకుంటే కాదనే యజమానులు మన జిల్లాల్లో తక్కువ. శుక్రవారం మాత్రం జుమా ఫర్జ్ కనుక అజాను వేళకు వ్యాపారం ఆపాలని ఖురాన్ (62:9) ఆజ్ఞ. అదే సూరా (62:10) నమాజు ముగిశాక భూమిపై చెదిరిపోయి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించండని కూడా అంటుంది. మళ్లీ అంగడి తెరవడం కూడా ఆజ్ఞలో భాగమే అన్నమాట.

ప్రయాణంలో

సుమారు 77 కిలోమీటర్లకు, అంటే 48 మైళ్లకు మించిన ప్రయాణానికి బయలుదేరి, ఊరి ఇళ్లు దాటినప్పటి నుంచి మీరు ముసాఫిర్ (ప్రయాణికుడు). అప్పుడు నాలుగు రకాతుల ఫర్జ్‌లు రెండే, తెల్లవారుజాము ఫజర్, మగ్రిబ్, రాత్రి ఇషా తర్వాతి విత్ర్ యథాతథం. చేరిన ఊళ్లో 15 రోజులు లేదా అంతకు మించి ఉండే ఉద్దేశం ఉంటే అక్కడ పూర్తిగా చేయాలి. అనంతపురం నుంచి బెంగళూరుకు, కడప నుంచి తిరుపతికి, కర్నూలు నుంచి ఆదోనికి ఈ కుదింపు (ఖస్ర్) వర్తిస్తుంది. కడప నుంచి ప్రొద్దుటూరుకు వర్తించదు. కర్నూలు నుంచి నంద్యాలకు దూరం సరిహద్దు మీద ఉంటుంది కనుక అక్కడి ఉలమాలను (మత పండితులను) అడిగి ఒకదాని మీద నిలవండి. ముఖీమ్ (ప్రయాణంలో లేని) ఇమాము వెనుక చేస్తే ముసాఫిర్ కూడా నాలుగూ చేయాలి.

హనఫీలకు హజ్‌లో తప్ప రెండు నమాజులను ఒకే వేళలో కలపడం లేదు. షాఫయీలకు ప్రయాణంలో ఉంది. కానీ జుహర్‌ను దాని చివరి వేళలో, అసర్‌ను దాని తొలి వేళలో చేస్తే, అసర్ మొదలయ్యే వేళకు బస్సు టీకి ఆగిన ఒక్కచోటే రెండూ ముగుస్తాయి. దూరప్రయాణం ఎంచుకునేటప్పుడే బస్సు ఎక్కడ, ఎప్పుడు ఆగుతుందో కండక్టరును అడిగి పెట్టుకోవాలి. రైలులో తలుపు దగ్గర చోటు చూసుకుని నిలబడి, ఖిబ్లాకు తిరిగి చేయాలి. జనం కిక్కిరిసి అది ఏమాత్రం వీలుకాక సీట్లోనే చేసినవారు దిగిన తర్వాత తిరిగి చేసుకోవాలని హనఫీ ఉలమాలలో చాలామంది చెబుతారు.

నిలబడలేని జబ్బుమనిషి కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని సైగలతో చేయాలి. స్త్రీలకు ఋతు దినాల్లో నమాజు లేదు, తర్వాత ఆ నమాజులకు ఖజా (తప్పినవాటిని తర్వాత తీర్చడం) కూడా లేదు. రంజాన్ రోజాలకు మాత్రం ఖజా ఉంది.

తప్పిపోయినవి

ఏళ్ల తరబడి వదిలేసిన నమాజుల లెక్క తలచుకుని భయపడి, ఇప్పటివి కూడా మొదలుపెట్టనివారున్నారు. ఖజాలో ఫర్జ్‌లు, విత్ర్ మాత్రమే ఉంటాయి. ఒక రోజుకు 17 ఫర్జ్ రకాతులు, 3 విత్ర్ కలిపి 20. ప్రతి పూట ఫర్జ్‌తో పాటు అదే పూటది ఒక ఖజా చేస్తూ పోతే, ఒక సంవత్సరంలో ఒక సంవత్సరపు బాకీ తీరుతుంది. ఏ తేదీదో తెలియనప్పుడు "నా మీద మిగిలి ఉన్న వాటిలో మొదటి ఫజర్" అని సంకల్పం చెప్పుకోవాలి. పొద్దు పొడిచేటప్పుడు, నడినెత్తిన ఉన్నప్పుడు, కుంకేటప్పుడు ఖజా చేయరాదు. అసర్ తర్వాత నఫిల్ కూడదు గానీ పొద్దు ఎర్రబడేలోపు ఖజా చేయవచ్చు. వంటింటి క్యాలెండరు మీద పూర్తయిన రోజుకు ఒక గీత పెట్టుకుంటే లెక్క తప్పదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా ఏమిటంటే, మొదటి వారం నుంచే తహజ్జుద్, ఇష్రాఖ్ వంటి ఐచ్ఛిక నమాజులంటూ పెట్టుకోకండి. అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమైన ఆచరణ, కొంచెమైనా ఎడతెగకుండా సాగేదేనని హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన హదీసు ఉంది. ఐదు పూటల ఫర్జ్‌లు, ఫజర్ సున్నత్, విత్ర్ మొదట నిలవనివ్వండి, మిగిలిన సున్నత్‌లను నెలలోపు చేర్చుకుంటూ రండి. అరబ్బీ రాని దూదేకుల కుటుంబాల్లో ఫాతిహా అర్థం తెలుగులో నేర్పకుండా పదాలు మాత్రమే బట్టీ పట్టించడం వల్ల పిల్లలకు నమాజు ఒక వ్యాయామంలా మిగిలిపోతోంది. ఖురాన్‌ను తెలుగులోకి తొలిసారి తెచ్చిన చిలుకూరి నారాయణరావు అనంతపురం కళాశాలలో పనిచేసినవారే. వేరే మతంలో పుట్టిన పండితుడు పడిన శ్రమలో పదోవంతైనా ఏడు వాక్యాల ఫాతిహా కోసం మనం పడవచ్చు. నమాజులో చదవడం అరబ్బీలోనే ఉంటుంది, అర్థం మాత్రం పిల్లవాడికి ఇంటి భాషలో ముందే తెలిసి ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోయేది ఫజర్. దానికి రాత్రి నుంచే పని ఉంది. ఇషా అయ్యాక ఫోను మంచానికి దూరంగా, లేచి వెళ్లి ఆపవలసిన చోట పెట్టండి. పడుకునే ముందే కొమ్ముచెంబు నింపి మూత పెట్టి గడప పక్కన ఉంచండి. తెల్లవారుజామున మోటారు వేసే కరెంటు ఉండకపోవచ్చు, కొళాయి రాకపోవచ్చు.